రెండో ప్రూఫు

గవర్నర్‌పేటలో ప్రెస్సు మేడమెట్ల కింద
ఇరవై రెండేళ్లుగా తప్పులు వెతకడమే నా పని.
పంచాంగాలు, పదో తరగతి గైడ్లు,
శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు.
ఒత్తు జారినా, సున్న ఎగిరిపోయినా
ఎర్ర పెన్ను తనంతట తనే ఆగేది.
నా ఇంటి తప్పు మాత్రం
నా చేతి మీదుగానే అచ్చుకి పోయింది.

పిల్లకి ఏడాదిన్నరప్పుడు
ముక్కు మీద, బుగ్గల మీద
ఎవరో గుప్పెడు నువ్వులు చల్లినట్టు మచ్చలు.
"అదృష్టం రా" అంది మాణిక్యమ్మ పెద్దమ్మ.
ఎండలోకి తెస్తే కళ్లు మూసుకుని ఏడ్చేది.
గారాబం అనుకున్నాం.
కిరణ్మయి అని పేరు పెట్టింది నేనే,
నిఘంటువు తిరగేసి మరీ.

ఏడో ఏట కింది పెదవి మీద
రేగ్గింజంత గడ్డ.
కోసి, పరీక్షకి పంపి,
మా ముగ్గురి నెత్తురూ హైదరాబాదు పంపితే
నలభై రోజులకి వచ్చిన కాగితాలు
ప్రూఫు చదివినట్టే చదివాను, వేలు పెట్టుకుని.
డాక్టరమ్మ నా పనేమిటో కనుక్కుని
నా భాషలోనే చెప్పింది:
"ఎండ తగిలితే ఎవరి చర్మంలోనైనా
అక్షరాలు చెదురుతాయి మాస్టారూ.
లోపల దిద్దేవాడు ఒకడుంటాడు,
రాత్రీ పగలూ కూచుని సరిచేస్తుంటాడు.
మీ పాపకి ఆ కుర్చీ ఖాళీ."

ప్రతి మనిషికీ రెండు ప్రతులుంటాయట,
అమ్మదొకటి, నాన్నదొకటి.
ఒకటి తప్పైనా రెండోది చూసి పని నడిచిపోతుందట.
నాకూ భ్రమరాంబకీ అలాగే నడిచిపోయింది.
ఆమె మా మేనమామ కూతురు.
తాతయ్య దగ్గరో అమ్మమ్మ దగ్గరో మొదలైన ఒకే తప్పు
రెండిళ్ల మీదుగా నడిచొచ్చి
మా ఇంట్లో కలుసుకుంది.
ఉయ్యూరు దగ్గర మూడెకరాల చెరుకు నేల
బయటికి పోకూడదని చేసిన పెళ్లి మాది.
నేల అమ్మేశాం. పెదవికి కొంత, కంటికి కొంత.
బయటికి పోనిది ఆ అక్షరమొక్కటే.

రోళ్లు పగిలే కార్తెలో బెజవాడంతా నీడకోసం వెతుక్కుంటుంది.
మేం మబ్బుని కూడా నమ్మం.
పంచాంగంలో సూర్యాస్తమయం గడి
ఇప్పుడు మా ఇంటి గడియారం.
రాత్రి తొమ్మిదికి ఏలూరు కాలవ గట్టున
నా కూతురు సైకిలు నేర్చుకుంటుంది.
"ఈ వేళప్పుడు ఆటలేంటండీ" అని
పునుగుల బండి సాంబయ్య మొదట్లో అడిగేవాడు.
ఇప్పుడడగడు.
నాలుగు పునుగులు ముందే తీసి చల్లారబెడతాడు,
ఆ పెదవికి వేడి పడదని.

కిందటి నెల పెద్దమ్మ మళ్లీ వచ్చింది,
మా అక్క కూతుర్ని నా బావమరిదికి ఇద్దామని.
వరస కుదిరింది, జాతకాలూ కలిశాయి.
నేను బీరువాలోంచి రిపోర్టు తీసి
కాఫీ గ్లాసుల మధ్య పెట్టాను.
ఎవరూ ముట్టుకోలేదు.
"మన వంశంలో ఎవరికీ లేదే" అంది పెద్దమ్మ.
ఉంది పెద్దమ్మా, కనపడలేదంతే.
ముందు ఇద్దరి నెత్తురూ చూపిద్దాం,
ముహూర్తం తర్వాత, అన్నాను.
బావమరిది చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.
ఇంతవరకూ ఫోను లేదు.

ఆదివారం రాత్రి మచ్చలు లెక్కపెట్టే పని.
నా భూతద్దం, టేబుల్ లైటు, పాత డైరీ.
కొత్తవి, పెరిగినవి, అంచు వంకర తిరిగినవి.
ఈ వారం నేను కళ్లజోడు తుడుచుకునేలోపు
కిరణ్మయి అద్దం ముందు నిలబడి
ఎడమ కణత దగ్గర కొత్త చుక్క పక్కన
నా ఎర్ర పెన్నుతో
నేను ప్రూఫుల్లో పెట్టే కొట్టివేత గుర్తు పెట్టుకుంది,
తోకతో సహా.
"ఇది తీసేయొచ్చు కదా నాన్నా?"

తడిగుడ్డతో తుడిచాను.
సిరా పోయింది. చుక్క ఉంది.
రేపు సాయంత్రం ఏడింటికి,
వెలుతురు పూర్తిగా పోయాక,
ఆస్పత్రిలో టైము రాయించాను.
డైరీలో రాసుకున్నాను:
ఎడమ కణత, ఆవగింజంత, చూడాలి.